బీస్‌బరీ నాలుగో చావు

(పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, ఇంత ఎండలో పనిగట్టుకుని వచ్చారు. చాలా సంతోషం. ఇవాళ ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ అనే టీవీ సీరియల్ గురించీ, దానికి మూలమైన ‘ఫైర్ అండ్ బ్లడ్’ పుస్తకం గురించీ మాట్లాడతాను. అందులో ఒక ముసలాయన ఎలా చచ్చిపోయాడో చెప్పి మొదలుపెడతాను.

ఆయన పేరు లైమన్ బీస్‌బరీ. వెస్టెరోస్ అనే కల్పిత రాజ్యానికి కోశాధికారి. రాజు విసేరిస్ కన్నుమూశాడు. ఆ కబురు బయటికి పొక్కకుండా రాణి ఆలిసెంట్ రాత్రికి రాత్రే మంత్రుల్ని పిలిపించింది. తన తర్వాత మొదటి భార్య కూతురు రెనీరాదే సింహాసనమని రాజు ఏనాడో ప్రకటించాడు, సామంతుల చేత ప్రమాణాలూ చేయించాడు. కానీ ఆ గదిలో కూర్చున్నవాళ్లు రాణి కొడుకు ఏగాన్‌కి పట్టం కట్టే పనిలో ఉన్నారు. బీస్‌బరీ ఒక్కడే అడ్డం తిరిగాడు. ఇది ద్రోహం అన్నాడు. అంతటితో ఆయన పని అయిపోయింది.

ఎలా పోయాడు? పుస్తకం మూడు రకాలుగా చెబుతుంది. మతగురువు యూస్టస్ రాసినదాన్నిబట్టి, క్రిస్టన్ కోల్ అనే రాజరక్షకుడు ఆయన్ని కుర్చీలో కూలేసి బాకుతో గొంతు కోశాడు. ఆస్థానంలో విదూషకుడు మష్రూమ్ చెప్పినదాన్నిబట్టి, అదే కోల్ ఆయన్ని కిటికీలోంచి విసిరేస్తే కింద కందకంలో ఇనప శూలాల మీద పడ్డాడు. మంకన్ అనే పండితుడి మాట నమ్మితే, చీకటి కొట్లో పడేశారు, విచారణ జరిగేలోపే చలికి జబ్బుచేసి పోయాడు. ముగ్గురిలో ఎవరిది నిజమో పుస్తకం తేల్చదు.

ఇప్పుడు టీవీ సంగతి. అక్కడ మంత్రుల బల్ల మీద ఒక్కొక్కరి ముందూ ఒక రాతి గోళం ఉంటుంది. నిమ్మకాయంత కాదు, బత్తాయంత ఉంటుంది. వచ్చి కూర్చున్న మంత్రి తన గోళాన్ని తన ముందున్న గుంటలో పెడతాడు. సభకు వచ్చానని గుర్తన్నమాట. అది చూసీ చూసీ మనకి అలవాటైపోతుంది. తొమ్మిదో ఎపిసోడ్‌లో బీస్‌బరీ లేచి అరుస్తుంటే కోల్ వెనక నుంచి వచ్చి భుజం పట్టి కుర్చీలోకి అదుముతాడు. ఆ ఊపుకి ముసలాయన తల వెళ్లి గోళానికి కొట్టుకుంటుంది. ఒక్క చప్పుడు. బల్ల మీద నెత్తురు. కోల్ చంపుదామనుకున్నాడా, నోరు మూయించి కూర్చోబెడదామనుకున్నాడా? అతని మొహం చూసి చెప్పలేం.

ఇది బీస్‌బరీకి నాలుగో చావు. పుస్తకంలో లేనిది. ఈ ఒక్క సన్నివేశాన్ని నేను వెనక్కి తిప్పి తిప్పి చూశాను. తీసినవాళ్ల తెలివి, తీసినవాళ్ల బలహీనత, రెండూ దీంట్లోనే ఉన్నాయనిపించింది. ఇవాళ మాట్లాడేది దాని గురించే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ నవలల్ని హెచ్‌బీఓ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’గా 2011 నుంచి 2019 దాకా తీసింది. నవలలు పూర్తికాకుండానే సీరియల్ ముగిసిపోయింది, ఆ ముగింపు చాలామందికి మింగుడుపడలేదు. ఆ కథకి సుమారు 170 ఏళ్ల ముందు డ్రాగన్లనెక్కి తిరిగే రాజవంశంలో జరిగిన అంతర్యుద్ధాన్ని 2022 ఆగస్టు నుంచి ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’గా చూపిస్తున్నారు. దీనికి మూలం 2018లో మార్టిన్ అచ్చువేసిన ‘ఫైర్ అండ్ బ్లడ్’.

ఆ మూలం మామూలు నవల కాదు. చరిత్ర పుస్తకం. గిల్డేన్ అనే పండితుడు, ఎన్నో ఏళ్ల తర్వాత, పాత రాతలు ముందేసుకుని రాసినట్టు ఉంటుంది. యూస్టస్ ఇలా అన్నాడు, మంకన్ అలా అన్నాడు, మష్రూమ్ మాత్రం ఇంకో మాట అన్నాడు, ఇదీ వరస. ఈ మష్రూమ్ మూడడుగుల మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. పడగ్గది ముచ్చట్లన్నీ ఇతనివే. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు ఉన్నాడు చూడండి, రాముడూ రావణుడూ తెర మీద ఉండగానే మధ్యలో దూరి అనకూడని మాట అనేసి పోతాడు. అతను అనేదాంట్లో సగం బూతు, సగం నిజం. మష్రూమ్ అచ్చం అంతే. పండితుడు అతని మాట నమ్మనంటూనే పేజీలకి పేజీలు అతని మాటే ఎత్తి రాస్తాడు.

టీవీలో మష్రూమ్ లేడు. కెమెరాకి ముగ్గురు సాక్షులు ఉండరు కదా. అది ఏది చూపిస్తే అదే జరిగినట్టు. మూడు మాటల పుస్తకాన్ని ఒక్క మాటగా మార్చక తప్పదు. ఆ ఒక్క మాట ఎవరిది, ఎవరి తరఫున అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

రామాయణాన్ని మనవాళ్లు మూడు ముక్కల్లో చెప్పేస్తారు: కట్టె, కొట్టె, తెచ్చె. ‘ఫైర్ అండ్ బ్లడ్’లో చాలా పేజీలు ఆ పద్ధతిలోనే నడుస్తాయి. ఫలానా ఏడు ఫలానావాడు పెళ్లాడాడు, ముగ్గురు పిల్లలు, రెండేళ్లకి పోయాడు. వాళ్లు ఏం మాట్లాడుకున్నారు, ఆ రాత్రి ఎవరికి నిద్ర పట్టలేదు, ఇవేవీ ఉండవు. అంటే తీసేవాడికి చోటు బోలెడంత. కథ చివర ఏమవుతుందో చదివినవాళ్లందరికీ తెలుసు. దాంతో ఇబ్బంది లేదు. రావణుడు చస్తాడో లేదో తెలుసుకుందామని హరికథకి వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. ఎలా చెబుతాడో వినడానికి వెళతాం.

వాల్మీకి చెప్పనివి మన రామాయణంలో ఎన్ని చేరలేదు? లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు. పద్నాలుగేళ్లు ఊర్మిళ నిద్రపోయిన సంగతీ లేదు. పండితులు వాటిని అవాల్మీకాలు అంటారు. కానీ మా అమ్మమ్మ ఊర్మిళాదేవి నిద్ర పాడుతుంటే అది అవాల్మీకం అని ఎవరూ లేచి వెళ్లిపోలేదు. ఎందుకంటే అక్కడ వాల్మీకి ఏమీ అనలేదు. భర్త అడవికి పోతే ఆ పిల్ల ఏమైపోయిందని అడిగిన ఆడవాళ్లు ఆ పాట కట్టుకున్నారు. మూలం మాట్లాడని చోట మాట్లాడారు. అది కాక ఇంకో రకం మార్పు ఉంటుంది. మూలం కావాలని ముడివేసి పెట్టిన చోట ఆ ముడి విప్పేయడం. కైకేయి వరాలు అడగలేదు, దశరథుడే పొరపాటున విన్నాడు అని చెప్పారనుకోండి. కథ నడుస్తుంది, రాముడు అడవికీ వెళతాడు. కానీ అది రామాయణం అవుతుందా?

ఈ సీరియల్‌లో రెండు రకాలూ ఉన్నాయి. మొదటిదానికి నేను దణ్ణం పెడతాను. రెండోదాని మీద నాకు బాధ ఉంది.

రాజు విసేరిస్‌ని తీసుకోండి. పుస్తకంలో ఆయన లావుపాటి, నవ్వుమొహం మనిషి. విందులంటే ఇష్టం, గొడవలంటే భయం. ఒక మంచి రాజు, అంతే, అక్కడితో పండితుడు ముందుకు వెళ్లిపోతాడు. టీవీలో ప్యాడీ కాన్సిడైన్ చేసిన విసేరిస్ కళ్లముందే కుళ్లిపోతుంటాడు. ఆ సింహాసనం కత్తులు కరిగించి చేసినది, దాని అంచు తగిలి మొదటి ఎపిసోడ్‌లోనే ఒంటి మీద గాయం కనిపిస్తుంది. అది మానదు. వేళ్లు పోతాయి, చెయ్యి పోతుంది, చివరికి సగం మొహం పోతుంది. ఎవరినీ నొప్పించకుండా రాజ్యం చేద్దామనుకున్నవాణ్ని ఆ కుర్చీ అంగుళం అంగుళం తినేసింది. సింహాసనం మనుషుల్ని కోస్తుందన్న మాట పుస్తకంలో ఉంది. దాన్ని ఒక మనిషి ఒంటి మీద ఇన్నేళ్ల రోగంగా చూపించడం మాత్రం వీళ్ల ఊహ. పుస్తకంలో తన విసేరిస్ ఎన్నడూ అందుకోలేని విషాదపు హుందాతనం ఈ నటుడు తెచ్చాడని మార్టిన్ స్వయంగా రాశాడు. ఒక రచయిత తన పాత్ర గురించి అంతమాట అనడం చిన్న విషయం కాదు.

రెండోది, స్నేహం. పుస్తకంలో రాజుతో పెళ్లినాటికి ఆలిసెంట్‌కి పద్దెనిమిదేళ్లు, రెనీరాకి తొమ్మిది. సవతి తల్లి, సవతి కూతురు, అంతే బంధం. టీవీ వాళ్లిద్దర్నీ ఒకే ఈడు చేసింది. ఒకరి ఒళ్లో ఒకరు తల పెట్టుకుని పుస్తకాలు చదువుకున్న నేస్తాలు. ఆ నేస్తాన్నే నాన్న పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుంది? ఇది బయటినుంచి తెచ్చి అతికించింది కాదు, ఉన్న కథలోనే నాటిన విత్తనం. అయిదో ఎపిసోడ్‌లో రెనీరా పెళ్లి విందు జరుగుతూ ఉంటుంది. రాజు మాట్లాడుతుండగా ఆలిసెంట్ ఆలస్యంగా, ముదురు ఆకుపచ్చ బట్టల్లో నడిచి వస్తుంది. ఆమె పుట్టింటివాళ్లు యుద్ధానికి సైన్యాన్ని పిలిచేటప్పుడు కోట బురుజు మీద వెలిగించే మంట రంగు అది. ఆమె ఒక్క మాట అనదు. గది నిశ్శబ్దమైపోతుంది, రాజు మాట మధ్యలో ఆగిపోతుంది. పుస్తకంలో ఆ ఆకుపచ్చ ఒక పోటీల పండగనాడు వేసుకున్న బట్ట, ఆలిసెంట్ పక్షానికి ‘ఆకుపచ్చలు’ అన్న పేరు ఎలా వచ్చిందో చెప్పే ఒక వాక్యం. ఇక్కడ అది చచ్చిపోయిన స్నేహం.

ఇంతవరకూ ఊర్మిళ పాటే. ఇక రెండో రకం.

ఎనిమిదో ఎపిసోడ్ చివర విసేరిస్ మరణశయ్య మీద ఉంటాడు. నల్లమందు మత్తులో, పక్కనున్నది కూతురనుకుని, పూర్వీకుడైన ఏగాన్ కన్న కల గురించి గొణుగుతాడు. పక్కనున్నది భార్య. ఏగాన్ అన్న పేరు వినగానే తన కొడుకు ఏగాన్‌కి పట్టం కట్టమంటున్నాడని ఆలిసెంట్ అనుకుంటుంది. పుస్తకంలో ఈ పొరపాటు ఏమీ లేదు. అక్కడ ఆలిసెంట్‌కి కొడుకు రాజు కావాలి. ప్రమాణం ఉందని తెలుసు, తెలిసే తెంచింది. తెలిసి చేసింది కాబట్టే ఆ తర్వాత జరిగినదంతా ఆమె మెడకి చుట్టుకుంటుంది. టీవీలో ఆమె భర్త ఆఖరి కోరిక తీరుస్తున్న ఇల్లాలు. మంత్రులు తనకి తెలియకుండా ముందే కుట్ర పన్నారని విని నిర్ఘాంతపోతుంది కూడా.

తర్వాత పదో ఎపిసోడ్. రెనీరా కొడుకు ల్యూకెరిస్ చిన్న డ్రాగన్ మీద తుఫానులో ఇంటికి పోతుంటే, ఆలిసెంట్ రెండో కొడుకు ఏమండ్ లోకంలోకెల్లా పెద్ద డ్రాగన్ వేగార్ మీద వెంటపడతాడు. చిన్నప్పుడు ఈ ల్యూకెరిస్ చేతిలోనే ఏమండ్ కన్ను పోయింది. భయపెడదామని తరుముతాడు. చిన్న డ్రాగన్ బెదిరి నిప్పు కక్కుతుంది, పెద్దది పగబడుతుంది. వద్దు వేగార్ వద్దు అని ఏమండ్ అరుస్తూనే ఉంటాడు. అది ల్యూకెరిస్‌నీ చిన్న డ్రాగన్‌నీ నోట కరుచుకుని నోరు మూసేస్తుంది.

(సభలోంచి ఒకరు: మేడమ్, ఆ ఆకాశంలో ఏం జరిగిందో పుస్తకంలో కూడా ఎవరూ చూడలేదు కదా? కోట గోడ మీద ఉన్నవాళ్లకి దూరంగా మంటలు కనబడ్డాయి, ఒక అరుపు వినబడింది అని మాత్రమే ఉంది. మీ లెక్కన అది మూలం మౌనంగా ఉన్న చోటే.)

మంచి మాట పట్టుకున్నారు. నిజమే, ఒప్పుకుంటున్నాను. అక్కడ ఎవరూ చూడలేదు. ఇంకో మాట కూడా నేనే చేరుస్తాను. ఆ తర్వాత ఏమండ్ ఇది నా చెయ్యిదాటి జరిగిపోయిందని లోకానికి చెప్పుకోడు. హంతకుడు అన్న పేరే మోస్తాడు. అంటే పండితులు ఎందుకు అలా రాశారో కూడా మనకి అర్థమవుతుంది. విడిగా చూస్తే ఈ మార్పు చాలా బాగుంది. వేగార్ దగ్గర నాకు పేచీ లేదు.

పేచీ వరస మీద. బీస్‌బరీ చావు గోళం తగిలి. పట్టాభిషేకం మాట తప్పు వినబడి. ల్యూకెరిస్ చావు డ్రాగన్ మాట వినక. ఒకటైతే విధి అనుకుంటాం. ప్రతి మలుపులోనూ చెయ్యి జారిందంటే, ఈ యుద్ధానికి బాధ్యులే లేరన్నమాట. వేలమంది చచ్చే యుద్ధం ఇది. మార్టిన్ పుస్తకంలో అది ఆశ వల్ల, పగ వల్ల, తెలిసి తెంచిన ప్రమాణం వల్ల వచ్చింది. రెండు పక్షాల్లోనూ మంచివాళ్లు లేరని కాదు, అమాయకులు లేరు. టీవీకి రెనీరా, ఆలిసెంట్ ఇద్దరి మీదా ఎంత ప్రేమంటే వాళ్ల చేతికి మసి అంటనివ్వదు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. ఆడవాళ్లని రాక్షసులుగా రాసిన చరిత్రకి జవాబు చెప్పాలన్న తపన అది. కానీ రాజ్యం కావాలనుకోవడం, దాని కోసం తప్పు చేయడం, ఆ తప్పుని మోయడం, ఇవి మగ పాత్రలకే వదిలేస్తే ఆ ఆడవాళ్లకి మనం ఇచ్చిందేమిటి? ప్రమాదవశాత్తూ రాణి అయిన మనిషిని చూసి జాలిపడగలం. భయపడలేం.

ఇక అన్నిటికంటే నన్ను కుదిపిన చోటు. రెండో సీజన్ మొదటి ఎపిసోడ్, 2024 జూన్ 16న వచ్చింది. ల్యూకెరిస్‌కి బదులు తీర్చుకోవడానికి, విసేరిస్ తమ్ముడూ రెనీరాకి భర్తా అయిన డేమన్ ఇద్దరు మనుషుల్ని కోటలోకి పంపుతాడు. పుస్తకంలో వాళ్ల పేర్లు బ్లడ్, చీజ్. ఒకడు కసాయి చేతుల బండమనిషి, ఒకడు కోటలో ఎలుకలు పట్టేవాడు.

పుస్తకంలో ఇలా జరుగుతుంది. ఏగాన్ భార్య హెలేనాకి ముగ్గురు పిల్లలు. ఆరేళ్ల కవలలు జెహేరిస్, జెహేరా, రెండేళ్ల చంటివాడు మేలర్. రోజూ పడుకోబోయే ముందు పిల్లల్ని నాయనమ్మ ఆలిసెంట్ గదికి తీసుకెళ్లడం ఆమెకి అలవాటు. ఆ రాత్రి తలుపు తీసేసరికి నాయనమ్మ కట్లతో ఉంది. కొడుకుకి కొడుకు, ఒక్కడు చాలు, ఎవణ్ని ఇస్తావో నువ్వే చెప్పు అన్నారు. నన్ను చంపండి అంది. కొడుకే కావాలన్నారు. చెప్పకపోతే కూతుర్ని చెరుస్తామని బెదిరించారు. ఏడ్చి ఏడ్చి, చివరికి మేలర్ పేరు చెప్పింది. చిన్నవాడు కదా, వాడికి ఏమీ తెలియదనుకుందో, పెద్దవాడు వారసుడనుకుందో. పండితుడికీ తెలియదు. ఒకడు మేలర్‌తో, విన్నావా, మీ అమ్మ నిన్ను చంపమంటోంది అన్నాడు. రెండోవాడు కత్తి ఎత్తి జెహేరిస్ తల తీసేశాడు.

ఇది మొదటిసారి చదివిన రాత్రి నేను పుస్తకం మూసి, లేచి వెళ్లి పక్క గదిలో నిద్రపోతున్న పిల్లల్ని చూసి వచ్చాను. చంపడం కంటే ఘోరం ఏమిటంటే, మేలర్ బతికి ఉండటం. ఆ తల్లి రోజూ వాడి మొహం చూడాలి. నిన్ను ఇచ్చేశానన్న సంగతి వాడికీ తెలుసు. ఆమె ఆ తర్వాత వాడి కళ్లలోకి చూడలేకపోతుంది. అన్నం మానేస్తుంది.

టీవీలో మేలర్ లేనే లేడు. కవలలు మాత్రమే. ఇద్దరు దుండగులూ వెతుకుతున్నది ఏమండ్ కోసం. అతను దొరక్కపోతే ఏం చేయమంటావని డేమన్‌ని అడిగే చోట సన్నివేశం తెగిపోతుంది. ఏమని చెప్పాడో మనకి వినపడదు. చీకట్లో పిల్లలిద్దరిలో మగపిల్లాడు ఎవరో వాళ్లకి తెలియదు. మెడలో హారం ఇస్తానంటుంది హెలేనా. తర్వాత కొడుకువైపు వేలు చూపిస్తుంది, కూతుర్ని ఎత్తుకుని పరిగెడుతుంది. ఫియా సబాన్ నటన చూసి నా ఒళ్లు చల్లబడింది, ఆ అమ్మాయిని ఏమీ అనలేను. కానీ ఆమె చేసింది నిజం చెప్పడం. ఎంచుకోవడం కాదు. ఇద్దరు కొడుకుల మధ్య నిలబెట్టిన తల్లిని, ఒక కొడుకూ ఒక కూతురూ ఉన్న తల్లిగా మార్చారు. ముడి ఊడిపోయింది.

మార్టిన్ 2024 సెప్టెంబరులో దీని గురించి తన బ్లాగులో పెద్ద ఉత్తరమంత రాశాడు. అంత చిన్నపిల్లాడితో షూటింగ్ నెమ్మదిస్తుంది, ఖర్చూ పెరుగుతుంది అని సీరియల్ పెద్ద రయన్ కోండల్ చెబితే, తాను గట్టిగా పట్టుబట్టలేదని రాశాడు. ఒక్క మేలర్ తీసేస్తే ముందుముందు ఏమేమి కూలిపోతాయో ఒక్కొక్కటీ చెప్పుకొచ్చాడు. సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే ఎక్కడో తుఫాను లేస్తుందంటారే, అలా. కొన్ని గంటల్లోనే ఆ రాత తీసేశాడు. అప్పటికే లోకమంతా చదివేసింది. డెబ్బై అయిదేళ్ల మనిషి, ఒక రెండేళ్ల పిల్లాడి కోసం, వాడు కాగితం మీద మాత్రమే ఉన్నవాడైనా, అంత బాధపడటం నాకు చాలా గొప్పగా అనిపించింది.

అలాగని రచయిత మాట వేదం అనడం లేదు. ఈ కథ ఆయనకీ ఊరికే రాలేదు. 1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీకి ఉన్న ఒక్క వారస కొడుకూ పోయాడు. కూతురు మెటిల్డాకి లోబడి ఉంటామని రాజు సామంతుల చేత ప్రమాణం చేయించాడు. 1135లో ఆయన పోగానే మేనల్లుడు స్టీఫెన్ వెళ్లి కిరీటం పెట్టుకున్నాడు. దాదాపు ఇరవై ఏళ్లు దేశం తగలబడింది. దాన్నుంచే తీసుకున్నానని మార్టిన్ చెప్పాడు. ఆయన ఎన్ని మార్చాడో చూడండి. మేనత్త కొడుకుని సవతి తమ్ముణ్ని చేశాడు, డ్రాగన్లు పెట్టాడు, విదూషకుణ్ని పెట్టాడు. కానీ ప్రమాణం చేసినవాళ్లు తెలిసి తెలిసి దాన్ని తెంచారన్న చోటు ముట్టుకోలేదు. మెటిల్డా కథలో ముడి అదేనని ఆయనకి తెలుసు.

రెండో సీజన్ చివర ఆలిసెంట్ రహస్యంగా రెనీరా కోటకి వెళ్లి నగరాన్ని అప్పజెబుతానంటుంది. కొడుకుని కూడా. చిన్ననాటి స్నేహం మొదటి సీజన్‌లో విత్తనమన్నాను కదా, ఇక్కడ దానికి నీళ్లు ఎక్కువైపోయి చేనంతా ఉరకెత్తింది. దాని గురించి ఇంతకంటే చెప్పబుద్ధి కావడం లేదు.

ఆఖరుగా ఇంకో ప్రమాదం గురించి చెప్పి కూర్చుంటాను. ఇది కథలోది కాదు. ఎనిమిదో ఎపిసోడ్‌లో చావు దగ్గరపడిన విసేరిస్ కూతురి పక్షాన నిలబడటానికి ఆఖరిసారి సభకి వస్తాడు. సగం మొహానికి బంగారు తొడుగు, చేతిలో కర్ర. ద్వారం నుంచి సింహాసనం దాకా ఆ హాలు ఎంత పొడుగో మొదటిసారి అప్పుడు తెలుస్తుంది మనకి. ఒక్కో అడుగుకీ ఊపిరి వినబడుతుంది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి తల మీది కిరీటం జారి కింద పడుతుంది. ఎన్నోసార్లు తాను వెళ్లగొట్టిన తమ్ముడు, ఆ సింహాసనం తనకి రావాలని ఒకప్పుడు ఆశపడ్డ తమ్ముడు డేమన్, వచ్చి అన్నకి చెయ్యి ఆసరా ఇచ్చి మెట్లు ఎక్కిస్తాడు. ఆ కిరీటం తీసి అన్న తల మీద పెడతాడు.

కిరీటం పడటం స్క్రిప్టులో లేదు. షూటింగ్‌లో అది నిజంగానే జారిపడింది. దర్శకురాలు గీతా వసంత్ పటేల్ దాన్ని ఉంచేసుకున్నారు. మార్టిన్ పుస్తకంలో ఆ నడక లేదు, ఆ కిరీటం లేదు, అన్నదమ్ములు ఆ మెట్ల మీద కలిసి ఎక్కడం లేదు. ఇంటికి వెళ్లాక వీలైతే ఆ అయిదు నిమిషాలూ ఒకసారి చూడండి. డేమన్ వేషం వేసిన మాట్ స్మిత్ కిరీటాన్ని రెండు చేతులతో పట్టుకుని, సరిగ్గా కుదిరిందో లేదో చూసి పెడతాడు, అది గమనించండి.